మూడో మలుపు

జూలై. మాకిక్కడ ఇదే చలికాలం.
బల్లరాట్‌కి పడమట, గొర్రెల బీళ్ల మధ్య
పన్నెండు కిలోమీటర్ల చుట్టు. అలాంటివి మూడు.
నా వంతు మూడో మలుపు:
ఒక ఎర్రజెండా, ఒక ఈల,
బోర్లించిన పాలడబ్బా మీద మడిచిన గోనె.
తుంటి ఎముక విరక్కముందు నేనూ తొక్కేదాన్ని.
ఇప్పుడు పందెం నాకు కనిపించేది
గుంపుకి ఏడు సెకన్లు.
మిగతాదంతా పొగమంచుదే.

లెక్క నోయెలీన్ కడుతుంది.
ధాన్యం కాటా దగ్గర ముప్పయ్యేళ్లు తూకాలు రాసిన చెయ్యి.
ముసలివాళ్లని ముందు వదులుతుంది,
ఇరవై రెండు నిమిషాలు గడిస్తే గానీ
కుర్రాళ్లకి జెండా ఊపదు.
అందరూ ఒక్క క్షణంలో గీత మీదికి రావాలని ఆమె పంతం.
పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ అలా జరగలేదు.
శనివారం రాగానే మళ్లీ పెన్సిలు చెక్కుతుంది.

మొదటి చుట్టు.
ముందు వాసన వస్తుంది, పిక్కలకి రుద్దుకున్న నీలగిరి తైలం.
ఆ వెనకే ఎర్రల్ పాస్కో దగ్గు.
దానికీ గేర్లున్నాయి, ఎత్తులో ఒకటి, పల్లంలో ఒకటి.
డెబ్బై ఒకటి నిండాయి. గొర్రెల బొచ్చు కత్తిరించీ కత్తిరించీ
నడుం ఎప్పుడో ఒంగిపోయింది;
సైకిలెక్కితే మాత్రం
ఆ వంపు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది.
బూట్లలో పాదాలకి రొట్టె సంచులు,
జెర్సీ కింద నిన్నటి పేపరు,
గుండె మీద గోధుమ ధరలు రెపరెపలాడుతూ.
వెనక మాల్టా సాల్వు, కవలలు బెరిల్, మర్నా,
మోకాలు మార్పించుకున్న బడిపంతులు.
"కారేమైనా ఉందా?"
"లేదు, పొండి పొండి!"
అంతే.

నడిమి గుంపులో మందులషాపు క్వాంగ్.
కళ్లద్దాల నిండా ఆవిరి. తుడవడానికి చెయ్యి వదలడు,
ముందువాడి చక్రం చప్పుడు పట్టుకుని పోతాడు.
ఆఖర్న కుర్రాళ్లు.
వాళ్లు రావడం ఉండదు.
ఉన్నట్టుండి ఉంటారు, ఉన్నట్టుండి ఉండరు,
కంచె తీగల మీది నీటిబొట్లు జలజలా రాలిపోతాయి.

రెండో చుట్టుకి
ముందుకీ వెనక్కీ మధ్య తొమ్మిది నిమిషాలు.
నోయెలీన్, ఇవాళ నీ లెక్క కుదిరేలా ఉందే
అని పైకే అనేశాను, వినడానికి ఒక కాకి ఉంది.

మూడో చుట్టు.
నలుగురే. దగ్గు లేదు.
"ఎర్రల్ ఏడీ?"
బెరిల్ తల ఊపింది. ఆ ఊపు అవునో కాదో తెలియలేదు.
నిమిషంన్నరకి మిగిలినవాళ్లంతా ఒక్క ముద్దగా,
ముప్పై నోళ్ల ఆవిరి ఒకే మబ్బుగా.
ఆ తర్వాత రోడ్డు.
ఉత్త రోడ్డు.

చివరి మనిషి దాటేదాకా జెండా దించకూడదు.
జెండా చేతిలోనే ఉందో లేదో
వేళ్లని కళ్లతో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

పదకొండు నిమిషాలకి దగ్గు.
మోకాళ్ల దాకా బురద, గ్లవుజులకి జిడ్డూ ఊలు పోగులూ.
"పల్లంలో ఎవడో గేటు తెరిచి పోయాడు.
నలభై గొర్రెలు రోడ్డెక్కాయి.
మనవాళ్లు అక్కడ అరవైలో దిగుతారు గదా" అన్నాడు
ఆగకుండానే.
ఇంకేదో కూడా అన్నాడు, మంచు మింగేసింది.

హాల్లో గుమ్మడికాయ సూపు, కొబ్బరి అద్దిన కేకులు.
బేకరీ కీరన్ గెలిచాడు, అర చక్రం తేడాలో.
భుజం మీద నీలం పట్టీ, కవరులో నలభై డాలర్లు.
పల్లంలో బ్రేకు ముట్టుకోలేదని
మూడోసారి చెబుతున్నాడు.
నేను నోరు తెరవబోయాను.
ఎర్రల్ నా ముందుకి రొట్టెల పళ్లెం జరిపాడు.

"నీకేమైందివాళ?" నోయెలీన్ అడిగింది.
"చెయిన్ ఊడింది."
ఆమె అతన్ని ఒక గింజల బస్తాని చూసినట్టు
కాసేపు చూసి,
పెన్సిలు నాలుక్కి తడుపుకుని
ఇరవై రెండు కొట్టేసి
ఇరవై నాలుగు రాసింది.

అతను కాదనలేదు.
సూపు ఇంకో గరిటె వేయించుకున్నాడు.